తీజ్ బుట్టల దగ్గర సూదిమందు

లంబాడీ తండాలకు టీకాల పని మీద వెళ్లబోయే కొత్త నర్సులు నన్ను దారి అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఎనభైల్లో చేసిన నా నర్మెట్ట ప్రయాణం గురించి రాస్తున్నాను. బడిపిల్లలందరికీ ధనుర్వాతం సూది వేసి రమ్మని నన్ను పంపారు. ఆ 'అందరికీ' అన్న మాటే నన్ను బురదలో నడిపించింది.

జనగామలో పొద్దున్నే బస్సెక్కితే గంటలోపే నర్మెట్ట. చార్జీ చిల్లరతో సరిపోయింది గానీ, ఒళ్లో ఉన్న మంచుగడ్డల మందుపెట్టెకు కూడా టికెట్టు కొడతానన్న కండక్టరు మీద గొంతు పెంచాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి బడిలో పని ముగిసింది, సీసాలు మాత్రం మిగిలాయి. తండా ఆడపిల్లలు ఒక్కరూ రాలేదు. "తీజ్ పండుగ గదమ్మా, పండుగ అయ్యేదాక రారు," అన్నాడు సారు తేలిగ్గా. నాకు ఒళ్లు మండింది. చెప్పుల్లేకుండా చేన్లలో తిరిగేది ఆ పిల్లలే. మంచు కరిగితే మందు పనికిరాదు.

తండాకు గంట నడక. శ్రావణ మాసం, మోకాళ్ల దాకా బురద. మంచె మీద వెదురుబుట్టల్లో గోధుమ మొలకలు, చుట్టూ పిల్లలు. పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు ఉప్పులేని తిండి తింటూ మూడు పూటలా వాటికి నీళ్లు పోస్తారు.

"సూదేస్తే జరమొస్తది నర్సమ్మా. పిల్ల పండుకుంటే బుట్టకు నీళ్లెవరు పోస్తరు? మొలక ఎండితే తండాకే మంచిది గాదు," అన్నాడు తండా పెద్ద నాయక్.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఒకరిద్దరికి రావచ్చు బాపూ," అన్నాను.

ఏడో తరగతి చదివే శాంతి ముందుకొచ్చింది. "అందరం ఒక్కసారే పండుకుంటమా? జరమొచ్చినోళ్ల బుట్టకు రానోళ్లు పోస్తరు. మొదలు నాకెయ్యక్కా," అని చెయ్యి చాపింది.

నాయక్ మొలకల వైపు చూశాడు. "గట్లయితే కానియ్యి," అన్నాడు.

చివరి పిల్లకు సూది వేసేసరికి పెట్టెలో మంచు గోళీకాయంత మిగిలింది. ఎవరికైనా జ్వరం వచ్చిందేమో చూద్దామని పండుగ చివరి రోజు మళ్లీ వెళ్లాను. తమవాళ్లకు పంచే మొలకల్లోంచి కొన్ని తీసి శాంతి నా జడలో తురిమింది. "ఒక్క బుట్ట గూడ ఎండలేదక్కా!" అంది.

ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ, అంత గర్వంగా ఏ బస్సూ ఎక్కలేదు. బడిలో వేసిన సూది బడికి వచ్చినవాళ్లకే అందుతుంది. అందుకే మీకు ఒక్కటే చెబుతాను: తేదీ పెట్టే ముందు తండాకు వెళ్లి, పిల్లలు ఎప్పుడు ఎక్కడ ఉంటారో అడగండి. ఆ రోజు జనగామ చేరేదాకా నేను జడలో మొలకలు తీయలేదు.