మేనత్త నోట రాని పేరు

కన్నబిడ్డకు పేరు పెట్టబోయి నిండు పందిరి నోరు మూయించినవాళ్లు అరుదు. నేను మూయించాను. అదీ పెద్దగా శ్రమపడకుండా.

మా ఆవిడకు 'జాన్వి' అనే పేరు మీద పెళ్లికి ముందు నుంచే మనసు. మాకు ఆడపిల్ల పుట్టేసరికి ఆ పేరు కాస్తా మా బావమరిది కూతురికి వెళ్లిపోయింది. ఒకే కుటుంబంలో ఇద్దరు జాన్వీలుంటే ఒకరిని తిడితే ఇంకొకరు ఏడుస్తారు.

"గట్లాంటిదే ఇంకోటి చూడు. అచ్చం గదే లెక్కుండాలె, గది గావద్దు," అంది మా ఆవిడ. బట్టల దుకాణంలోనూ ఆమె ఇలాగే అడుగుతుంది. అక్కడైతే నేను బయట నిలబడతాను.

ఫోన్‌లో వెతికాను. జాన్విక, జాన్విత, జాన్విశ్రీ, జియాన్వి. దేన్ని నొక్కినా అర్థం ఒక్కటే: లక్ష్మీదేవి. ఇన్ని మారుపేర్లతో ఆవిడకు ఆధార్ కార్డు ఎవరిస్తారో తెలియదు.

చివరికి నా డిగ్రీ చదువంతా ఒక్కచోటికి వచ్చి వెలిగింది. జానకి! పాతదే, కానీ మళ్లీ కొత్తదైన పేరు. మా ఆవిడ పలికి చూసుకుని, "మంచిగున్నది. ఎవ్వలకు చెప్పకు, మళ్ల ఇంకెవలన్న పెట్టుకుంటరు," అంది. చెప్పలేదు. పెళ్లయ్యాక నేను తు.చ. తప్పకుండా పాటించిన ఆజ్ఞ అదొక్కటే. కొంప ముంచిందీ అదే.

ఇరవై ఒకటో రోజున, చౌటుప్పల్‌లో మేం కిరాయికున్న ఇంటి ముందు టెంటు వేసి తొట్టెల పెట్టాం. తొట్టెలలో పడుకున్న బిడ్డ చెవిలో మొదట పేరు పిలిచేది మేనత్త. ఆ హక్కు మీద మా అక్క ముందే కర్చీఫ్ వేసి ఉంచింది. హుజూర్‌నగర్ నుంచి తన అత్తగారిని వెంటబెట్టుకుని దిగింది. ఆ పెద్దావిడను మేమంతా 'హుజూర్‌నగర్ అత్తమ్మ' అనే అంటాం. ఆమెకు వేరే పేరు కూడా ఉంటుందన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు.

అక్క తొట్టెల మీదికి వంగింది. నేను అక్క చెవిలో "జానకి" అన్నాను. వంగిన అక్క వంగినట్టే ఉండిపోయింది.

"ఇంకో పేరు చెప్పురా."

"ఇంకోటి లేదక్కా."

"గది నా నోట రాదు."

"మూడక్షరాలే గదనే!"

"నీకు దండం పెడ్త తమ్మీ, జర మెల్లగ!"

పేరు నచ్చక వంకలు పెడుతోందనుకున్నాను. అవతల మా ఆవిడ ముఖం ఎర్రబడుతోంది. అక్క పిలిస్తే గాని బిడ్డకు పేరు లేదు. పిలవకపోతే ఈ ఇద్దరి మధ్యా నాకు జీవితం లేదు. భయమేస్తే కొందరికి గొంతు పోతుంది. నాకు లేస్తుంది.

"గా పేరుకేం తక్కువైందే? జానకి! జానకి! ఎంత సక్కగున్నది!"

ముందు వరుస కుర్చీలోంచి అత్తమ్మ గబుక్కున లేచింది. "ఎవడ్రా నన్ను పేరువెట్టి పిలుస్తున్నది?"

టెంటు కింద ఫ్యాను ఒక్కటే మాట్లాడింది. మా దిక్కు కోడలు అత్తగారి పేరు పలకదు. రేషన్ దుకాణంలో అడిగినా అక్క పక్కవాళ్ల చేత చెప్పించేదట. అలాంటి అక్కను, అత్తగారి ఎదుటే, ఆ పేరు పెట్టి పిలవమని నేను పోరుతున్నాను.

"నిన్ను గాదత్తమ్మా," అన్నాను. "బిడ్డను."

అత్తమ్మ తొట్టెల దగ్గరికి వచ్చి చూసింది. బిడ్డ ఆవలించింది.

"నా పేరు పెడుతున్రా?" ఆమె గొంతు మెత్తబడింది. "మా అవ్వ పోయినంక నన్ను గట్ల పిలిచినోళ్లే లేరు. పిలువు కోడలా, నేనే చెప్తున్న."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాతోని గాదత్తమ్మా!"

"నా మీద కోపమొచ్చినప్పుడు లోపల్లోపల అనుకుంటవు గదా. గదే బయటికి అను."

పందిరంతా ఘొల్లుమంది. అక్క కళ్లు మూసుకుని, చన్నీళ్లలోకి దిగేదానిలా మొదలుపెట్టింది. మొదటి పిలుపు ఎవరికీ వినిపించలేదు. రెండోది బిడ్డకు వినిపించింది. మూడోది హైవే మీద పోయే లారీలకు వినిపించింది. ఇన్నేళ్లు ఆపుకున్నది మరి.

ఇప్పుడు మా జానకికి నడక వచ్చింది, నోరు వచ్చింది. అన్నం మెతుకులు గోడకు అంటించడం ఆమె ముఖ్య వ్యాపకం. హుజూర్‌నగర్‌తో ఫోన్లో మాట్లాడుతూనే మా ఆవిడ, "ఓ జానకీ, నీ వీపు పలుగుతది!" అని అరుస్తుంది. "పసిపిల్లను తిట్టకుండ్రి," అని అటునుంచి అత్తమ్మ కసురుతుంది. ఆ వెనకాలే అక్క గొంతు: "జర ఫోన్ దగ్గర పెట్టుకొని తిట్టు మరదలా, ఈడ సరిగ్గ ఇనొస్తలేదు."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను: మా వంశంలోని ప్రతి మేనత్త అత్తగారి అసలు పేరూ విచారించకుండా, ఇకపై మేకపిల్లకైనా సరే, పేరు పెట్టను.