ఊపిరి ఆగిన చోట

మా తెలుగు మాస్టారు పోయారని మొన్న ఆదివారం పొద్దున్న ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. కబురు విన్నాక నన్ను ముందు పట్టుకున్నది దుఃఖం కాదు, భయం. నా రాతలో అబద్ధం ఉంటే వేలు పెట్టి చూపేవాళ్లు ఇక లేరు.

డెబ్బయ్యో దశకంలో మేం విశాఖపట్నంలో ఎం.ఏ. చదివినప్పుడు ఆయన ఆధునిక కవిత్వం చెప్పేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, యుద్ధంలో ఊళ్లు కూలడం చూసి ఛందస్సును వదిలేసిన యూరపు కవులంటే ఆయనకు ప్రాణం. తోటి అధ్యాపకులు ఆ కవిత్వం విరగ్గొట్టిన వచనమని వెక్కిరించినా ఊరుకునేవారు. తరగతిలో మాత్రం, "వాళ్లు తెగించి రాయలేదర్రా, భయపడి రాశారు. భయపడ్డవాడి ఊపిరి గణాలకు లొంగదు," అనేవారు. మాకది పరీక్షలో పనికొచ్చే వాక్యం, అంతే.

ఆయనది పిరికి గుండె. కుక్క కనబడితే వీధి మారేవారు. ఎవరో తెలిశాక కూడా "ఎవరూ?" అని మరోసారి అడిగి గాని తలుపు తీసేవారు కాదు. ఆ సంగతి దాచుకునేవారూ కాదు. మాకు ఉప్మా పెట్టి, మేం రాసినవి చదివించుకుని, "బాగుంది. ఇందులో నీ భయం ఏది?" అనేవారు.

ఒక కార్తీకమాసంలో ఆయనతో కలిసి కొందరం యారాడ సముద్రతీరానికి వెళ్లాం. తిరిగివస్తూ పడవలో ఓడరేవు కాలువ దాటుతుండగా మబ్బు కమ్మింది. గాలి మమ్మల్ని జెట్టీకి కట్టిన ఓడ మీదికి తోసింది. ఆ ఇనుప గోడ మా నెత్తిమీదికి వస్తున్నట్టే ఉంది. నీళ్లు పడవలోకి వచ్చాయి.

"కదలకండి బాబూ. ఒకేపు ఒరిగితే తిరగబడిపోద్ది," అన్నాడు పడవవాడు.

"ఏటి సేత్తన్నావ్ బావా? వెనక్కి తిప్పు," అన్నాడు పద్మనాభం అనే ఊరి నుంచి వచ్చే మా సహాధ్యాయి.

"తిరగట్లేదు. నాను సెప్పినట్టు కూకోండి."

మాస్టారు రెండు చేతులతో పడవ అంచు పట్టుకున్నారు.

"నాకు ఈత రాదమ్మా. చాలా భయంగా ఉంది. నీ కవిత ఏదైనా చెప్పు, వింటూ ఉంటాను."

మొదలుపెట్టాను. అల కొట్టినప్పుడల్లా గొంతు ఆగిపోతోంది, మళ్లీ అందుకుంటున్నాను. ఓడను ఎలా తప్పించుకున్నామో తెలియదు. ఒడ్డెక్కాక ఆయన పంచె పిండుకుంటూ అడిగారు.

"ఎక్కడెక్కడ ఆగావో గుర్తుందా? కవిత పాదాలు అక్కడే విరువు. ఇంతకుముందు నువ్వు విరిచినవన్నీ అందానికి విరిచావు."

ఇంటికి వెళ్లగానే అలాగే రాశాను. నా మొదటి పుస్తకంలో మొదటి కవిత అదే. ఆయన పెట్టిన భిక్ష.

కిందటి నెల ఆయన్ను చూడ్డానికి ఆసుపత్రికి వెళితే మాట సన్నగిల్లి ఉంది. ధైర్యం చెప్పబోయాను. తల అడ్డంగా ఊపారు.

"భయంగా ఉందమ్మా. పోకు, కాసేపుండు."

"ఉంటాను మాస్టారూ. నాకూ భయంగానే ఉంది."

ఆ జవాబు నచ్చినట్టుంది. నా చీర చెంగు పిడికిట్లో పట్టుకుని కళ్లు మూసుకున్నారు. కొంతసేపటికి నర్సు వచ్చి, చూసే వేళ అయిపోయిందంది. ఆయన నిద్రపోయారు గాని వేళ్లు వదల్లేదు. ఆమె ఆ పిడికిలి వంక చూసి, స్టూలు నా దగ్గరికి జరిపింది.