మూడు వందల యూనిట్ల లోపు

"ఒసే, ఆ మిషను ఎయ్యే. ఒల్లుడికిపోతన్నాది."

"ఏసీ కింద తొంగోడానికి నువ్వేటి కలెట్టరువా మావా? నోరు మూసుకుని పడుండు. నాలుగింటికేత్తాను."

మొగుడూ పెళ్లాలుగా మేం ఆఖరున అనుకున్న మాటలు ఇవే. రోహిణి కార్తె, మధ్యాహ్నం ఒంటిగంట.

మా ఆయన పక్షవాతం వచ్చి మంచాన పడి అప్పటికి రెండేళ్లు. వీపంతా పుండు. చెమట తగిలితే మానదు, గది చల్లగా ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు ఆయన మేనల్లుడు ఒక పాత చక్రాల ఏసీ తెచ్చాడు. ఇది రాస్తున్నదీ వాడే. నాకు అంకెలు తప్ప అక్షరాలు రావు. నెల్లిమర్లలో మాది మట్టిగోడల పెంకుటిల్లు, గోడకు బిగించేది నిలవదని దొర్లించేది తెచ్చాడు. దాని వెనక తొండంలాంటి గొట్టం ఉంటుంది. లోపలి వేడి అందులోంచి పోతుంది, కిటికీలోంచి బయటికి పెట్టమని చెప్పి వెళ్లాడు.

నేను పెట్టలేదు. మా కిటికీ వీధిలోకి. మంచాన పడ్డవాళ్లకిచ్చే పింఛనుతోనే మా ఇల్లు గడిచేది. నెలకు మూడు వందల యూనిట్లు దాటితే ఆ పింఛను తీసేస్తారని వీధిలో అందరూ అనేవారు. గొట్టం కనబడితే ఎవరో ఒకరు మా ఊరి సచివాలయంలో చెప్పకుండా ఉండరు. కిటికీ మూసి దుప్పటి కట్టాను. గొట్టాన్ని నడిమి గుమ్మంలోంచి వంటింట్లోకి తోశాను.

ఎదురింటామె ఒకరోజు అడిగింది, "పట్టపగలు తలుపులేసుకుని ఏటి సేత్తన్నారే మొగుడూ పెల్లాం?"

"కాలూ సెయ్యీ ఆడనోడితో ఏటి సేత్తానే. సాలకపోతే నీ మొగుణ్ని పంపు," అన్నాను. నవ్వుకుంటూ పోయింది. బాగా దాచాననుకున్నాను.

మా ఇంట్లో నడిమి గోడ పైకప్పు దాకా లేదు. వంటింట్లోకి పోయిన వేడి గోడ మీంచి మళ్లీ ఆయన మంచం మీదికే వచ్చేది. గది చల్లబడదు, మిషను ఆగదు. పొద్దునా సాయంత్రం పీట ఎక్కి మీటరు చూసేదాన్ని. నెల సగం కాకుండానే రెండు వందలు దాటింది. మిషనే పాడైందనుకున్నాను గానీ గొట్టం మీదికి నా బుద్ధి పోలేదు. ఎండ ముదిరాక ఎలాగూ చల్లబడదు, కరెంటు దండగ అని ఆ వేళకి ఆపేసి, నాలుగింటికి వేయడం మొదలుపెట్టాను. ఆయన అడిగితే తిట్టేదాన్ని. చెయ్యి ఆడిన రోజుల్లో ఆయన నన్ను తిట్టి ఊరుకునేవాడు కాదు, కొట్టేవాడు. అదీ రాయి.

ఆ రోజు నాలుగింటికి వేశాను. మాటయితే తప్పలేదు. చెంబుతో నీళ్లు పట్టుకెళ్లి చూస్తే నోరు తెరుచుకుని ఉన్నాడు. పెదవి మీద ఈగ వాలితే ఊది తోలుకోవడం లేదు.

దినాలకి వచ్చిన మేనల్లుడు వంటింట్లో గొట్టం చూశాడు.

"అత్తా, ఇది బయటెట్టలేదేటి?"

"పింఛను పోతాదని."

వాడు గొట్టం పట్టుకుని, తలెత్తి నడిమి గోడ మీది ఖాళీ చూశాడు.

"బయటెడితే గది సల్లబడి మిషను మద్దిలో దానంతటదే ఆగీదత్తా. ఇంత కరెంటు తాగీది కాదు. మావకి పగలంతా ఏసినా సరిపోయీది."

తర్వాత మీటరు చూసే మనిషి వచ్చి చీటీ ఇచ్చాడు. రెండు వందల తొంభై నాలుగు. దాటలేదు. పింఛను మాత్రం మనిషితోపాటే పోయింది.

ఒరే అల్లుడా, నీది మెత్తటి గుండె. మొదట్లో నేను ఆయన్ని అన్న మాట రాశావో, బాగోదని మింగేశావో. ఏదీ, మొదట్నించీ సదువు. ఇంటాను.