చాప మీద కూర్చుని వాయించిన గిటార్

చిన్నప్పుడు మిర్యాలగూడలో, మా చర్చిలో ఒక గిటార్ ఉండేది... ఎర్రగా, నున్నగా, వేదిక మూలన గోడకు ఆనించి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, ఎవరూ చూడట్లేదనుకుని దాని తీగ ఒకటి మీటాను.

పాటల బృందాన్ని, అదే కొయిర్‌ను, నడిపే దేవదానం అన్న వచ్చి గిటార్ పక్కకు తీశాడు. కోప్పడలేదు.

"ఇది మగపిల్లలు వాయించేది బిడ్డా. నీ గొంతు మంచిగుంటది... నువ్వు పాడు, సాలు."

అంత నెమ్మదిగా చెప్పినందుకే నాకు ఎక్కువ మండింది.

అమ్మ రైస్ మిల్లులో పనిచేసేది. ఆ మధ్యాహ్నం చాటలో బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. "గంత పరేషానెందుకే... గా గిటార్ కాకపోతే లోకంల ఇంకోటి లేదా?" అంది. నన్ను ఊరడించడానికి ఏదో అంది, అంతే. నేను మాత్రం దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

వేసవి సెలవులకు కోదాడ వెళ్లాను, మేనమామ ఇంటికి. మామ వడ్రంగి. తలుపులు, మంచాలు, బీరువాలు చేసేవాడు.

"మామా, గిటార్ చేద్దామా?"

చెక్కకు చిత్రిక పడుతున్నవాడు ఆగాడు. "నేను దాన్ని దగ్గర్నుంచి చూసింది కూడా లేదు కదే," అన్నాడు. చెక్క మీది పొట్టు దులిపి తనే, "మొదటి మంచం చేసినప్పుడు మంచం గురించి మాత్రం నాకేం తెలుసులే... చేద్దాం పా," అన్నాడు.

ఇద్దరం బస్సెక్కి సూర్యాపేట వెళ్లాం. వాయిద్యాల షాపులో మామ తీగలు, వాటిని బిగించే మరలు కొన్నాడు. కొలత చూద్దామని నేను గిటార్ మీద చెయ్యి వేయబోతే షాపాయన, "కొంటెనే ముట్టుకోవాలె," అన్నాడు. సరే, ముట్టుకోలేదు... ఎదురుగా నిలబడి కళ్లతోనే కొలుచుకుని వచ్చాం.

ఎవరిదో ద్వారబంధం చేయగా మిగిలిన టేకు ముక్క మెడ అయింది. పలుచటి ప్లైవుడ్ పెట్టె అయింది. స్వరం కోసం తీగను నొక్కే చోట, మెడకు అడ్డంగా ఉండే మెట్లకు సైకిల్ చువ్వలు ముక్కలు చేశాం. మామ రంపం నా చేతికే ఇచ్చాడు. "వేళ్లు జాగర్త" అన్నాడు, అంతే.

తీగలు బిగిస్తుంటే ఉన్నట్టుండి ఫట్‌మని చప్పుడు... తీగలు కట్టిన చెక్క ఊడి ఎగిరిపడింది, పెట్టె పైభాగం పగిలింది. అత్త వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. నేను ఏడుపందుకున్నాను. మామ పగిలిన చోట చెయ్యి పెట్టి చూశాడు.

"లోపల ఏం లేదు కదే. ఖాళీ పెట్టె అంత లాగుడుకు ఎట్టా ఆగుద్ది? ఏడుపాపి ఆ గమ్ము డబ్బా తే."

రెండోదానికి లోపల పక్కటెముకల్లా బద్దలు అతికించాం. అది ఆగింది. కానీ పాట పలకలేదు... మెట్లు కంటి అంచనాతో పెట్టాం కదా, పక్కపక్క స్వరాలు కూడా తప్పు పలికేవి.

సెలవుల చివర్లో మామ నన్ను మిర్యాలగూడలో దింపడానికి వస్తూ దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. మా పాస్టర్ గారి భార్యను, పాస్టరమ్మను, అడిగితే మధ్యాహ్నం పూట చర్చి తలుపు తీసి, హార్మోనియం ముందు తనే కూర్చుంది. చువ్వలన్నీ పీకేశాం. ఆమె ఒక్కో స్వరం పట్టి ఉంచేది. నేను ఒక చువ్వ ముక్కను తీగ కింద అటూ ఇటూ జరిపేదాన్ని. రెండు శబ్దాలూ ఒకటైన చోట మామ పెన్సిల్‌తో గీత పెట్టేవాడు. మెడ మీద పెట్టె వైపు వచ్చేకొద్దీ గీతలు దగ్గర దగ్గరగా పడుతున్నాయి. ఎందుకో మా ముగ్గురికీ తెలియదు. చెవి చెప్పింది, గీశాం.

ఆ గీతల మీద మళ్లీ చువ్వలు దిగాయి. పాట పలికింది...

పాస్టరమ్మ దగ్గరే నాలుగు పాటలు పట్టుబడ్డాక, ఒక ఆదివారం దాన్ని చర్చికి తీసుకెళ్లాను. దేవదానం అన్న వేదిక ఎక్కకముందే ఆపాడు. "ఇంట్ల చేసిన డబ్బా స్టేజీ మీదికి వద్దు బిడ్డా. నలుగురు నవ్వుతరు."

నేను వెనక్కి వచ్చి ఆడవాళ్ల వైపు చాప మీద, అమ్మ పక్కన కూర్చున్నాను. పాట మొదలైంది. నేనూ మొదలుపెట్టాను.

ముందు వరసలవాళ్లు తిరిగి చూశారు. ఎవరో నవ్వారు కూడా. అమ్మ నావైపు చూడలేదు, గొంతు మాత్రం పెంచింది. ఆమె పక్కనున్న మిల్లు ఆడవాళ్లు కూడా పెంచారు. పాట అయిపోయింది. రెండో పాటా వాయించాను.

నన్ను వేదిక మీదికి ఎప్పుడూ పిలవలేదు. నేను అడగనూ లేదు. కొన్ని వారాలకు నా చుట్టూ ఆడపిల్లలు జరిగి కూర్చోవడం మొదలైంది. ఒకమ్మాయి, "అక్కా, నాకొకటి చేసిస్తవా?" అంది.

"చేసియ్య. నువ్వే చేస్కో... నేను పక్కన కూసుంట," అన్నాను.

ఇప్పుడు సూర్యాపేటలో టీచర్‌గా పనిచేస్తున్నాను. సెలవు రోజుల్లో మా వరండా నిండా రంపపు పొట్టే. హుజూర్‌నగర్ నుంచి, నిడమనూరు నుంచి గిటార్ చేసుకోవడానికి పిల్లలు వస్తారు, పెద్దవాళ్లూ వస్తారు. మొన్న ఈ పేజీలోనే మేం చేసిన గిటార్ ఫోటో ఒకటి పెడితే ఒకాయన కింద కామెంట్ రాశారు... ఇంతకంటే మంచిది ఆన్‌లైన్‌లో రెండ్రోజుల్లో వస్తుంది కదండీ, ఎందుకీ కష్టం అని.

నిజమే సార్, వస్తుంది. ఇంతకంటే బాగా పలుకుతుంది కూడా. అయినా నేను చేస్తూనే ఉంటాను.

అప్పట్లో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూ కనిపించేవారు... చాప అల్లడమో, బొంత కుట్టడమో. ఇప్పుడు ఏది కావాలన్నా అట్టపెట్టెలో గుమ్మం దాకా వస్తోంది. "నాకు రాదు" అనే మాట మాత్రం చిన్నపిల్లల నోట కూడా వినిపిస్తోంది. అదే నాకు నచ్చడం లేదు.

మీకూ రాదు, తెలుసు. ఎవరి అనుమతీ అడగకుండా మొదలుపెట్టండి. మొదటిది పాడవుతుంది, పాడవనివ్వండి... రెండోదాని ఫోటో ఇక్కడ పెట్టండి. వంకరగా ఉన్నా సరే.