మంటను ఓర్చుకోవద్దన్న ఆంటీ

నా చిన్నప్పుడు మేం దోహాలో, అల్ హిలాల్‌లోని ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. మా నాన్న కంపెనీ గ్యారేజీలో ఫోర్‌మన్. మా పక్క వాటాలో సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడ ఆస్పత్రిలో నర్సు. ఆమె కూతురూ నేనూ ఒకే తరగతి. ఆంటీ మాతో హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడేది. ఆ మాటలు నాలో మిగిలింది మాత్రం తెలుగులోనే.

నా స్నేహితురాలి జుట్టు దట్టంగా, చిన్న చిన్న రింగులుగా చుట్టుకుని ఉండేది. తడిపితే చెవుల దాకా వచ్చి, ఆరగానే మళ్ళీ పైకి లేచేది. క్లాసు ఫొటో దగ్గరపడుతుండగా టీచరు ఆమెను నిలబెట్టి, జుట్టు అణిగేలా దువ్వుకుని రమ్మంది. అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే ఆమె వాళ్ళ పెద్దమ్మ కూతురిని అడిగి, జుట్టు సాపు చేసే క్రీము డబ్బా తెచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం నేను వాళ్ళింటికి బయల్దేరుతుంటే మా అమ్మ ఆపింది. "ఆంటీ గిప్పుడే డ్యూటీకెళ్ళి అచ్చింది. జర పండనియ్యుండ్రి" అంది. అయినా వెళ్ళాను. నా స్నేహితురాలూ నేనూ చప్పుడు చేయకుండా వాళ్ళ బాత్రూంలోకి వెళ్ళి డబ్బా మూత తీశాం. ఘాటుకి ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నాకు దగ్గు ఆగలేదు. ఆ దగ్గుకే ఆంటీ లేచి వచ్చింది.

తిడుతుందనుకున్నాం. ఆమెకు తిట్టే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. డబ్బా అందుకుని, గుమ్మంలోనే నేల మీద చతికిలబడింది. దువ్వెనకు చిక్కుకున్న కూతురి వెంట్రుకలను తీసి గాజు సాసర్లో వేసింది. ప్లాస్టిక్ చెంచాతో వాటిమీద కాస్త క్రీము రాసి, ఊరికే చూస్తూ ఉండమంది. మేం చూస్తూనే ఉన్నాం. చాలాసేపటికి ఆమె చెంచాతో కదిపితే వెంట్రుకలు లేవు, బంకలాంటిది సాగింది. మురుగు గొట్టంలో అడ్డుపడినవాటిని కరిగించడానికి పోసే కాస్టిక్ సోడాయే ఇందులోనూ ఉందని చెప్పి, డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో సోడియం హైడ్రాక్సైడ్ అన్న పేరు మీద వేలు పెట్టి చూపించింది.

తర్వాత తలకు చుట్టుకున్న గుడ్డ విప్పింది. ఇంట్లో కూడా ఆమె అది తీయగా నేనెప్పుడూ చూడలేదు. కణతల దగ్గర జుట్టు లేదు. చర్మం నున్నగా, మెరుస్తూ ఉంది.

"మంట పుడుతోందంటే పనిచేస్తోందని అర్థం అన్నారు. నేను ఓర్చుకున్నాను. నీ వయసులో నాకు చెప్పేవాళ్ళు లేరు" అంది కూతురితో.

ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ, "అయితే నేనెప్పటికీ ఇలాగే ఉండాలా?" అని అడిగింది.

ఆంటీ మూత బిగించి డబ్బా పక్కన పెట్టింది. "పెద్దయ్యాక నీ ఇష్టం. డబ్బాలో ఏముందో తెలియకుండా మాత్రం వద్దు. మంట పుడితే ఒక్క క్షణం కూడా ఓర్చుకోవద్దు" అంది.

ఇక ఆమె పడుకోలేదు. కూతురి జుట్టు తడిపి, కండిషనర్ దట్టంగా పట్టించి, కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీసింది. షియా గింజల నుంచి తీసిన వెన్న రాసి, గట్టిగా లాగకుండా జడలల్లింది. మధ్యమధ్యలో కళ్ళు మూతలు పడుతుంటే తల విదిలించుకుని మళ్ళీ అల్లేది. ఫొటో రోజు టీచరు ఆ జడలను చూసి మెచ్చుకోనూ లేదు, వద్దననూ లేదు. నా స్నేహితురాలు ఫొటోలో నవ్వలేదు.

ఇప్పుడు నేను దోహా పక్కనున్న ముఐథర్‌లో ఒక ఆడవాళ్ళ సెలూన్లో పనిచేస్తున్నాను. కెన్యా నుంచి, ఇథియోపియా నుంచి వచ్చినవాళ్ళు చాలామంది వస్తారు. డబ్బాల మీద ఇప్పుడు ఆకుల బొమ్మలు, సహజం అన్న మాటలు. వెనక్కి తిప్పితే కొన్నిట్లో అదే కాస్టిక్ సోడా, కొన్నిట్లో శవాలు చెడకుండా వాడే ఫార్మాల్డిహైడ్. చెబితే వినేవాళ్ళు కొందరు, విసుక్కుని ఇంకో సెలూన్‌కి పోయేవాళ్ళు కొందరు. సాయంత్రానికి కాళ్ళు లాగేస్తాయి, గొంతు ఎండిపోతుంది. ఈ ఒక్కరికీ చెప్పకపోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. అప్పుడు, డ్యూటీ చేసొచ్చి నిద్ర మానుకున్న ఆ మనిషి, తను అందరి నుంచీ దాచుకున్నదాన్ని ఇద్దరు పిల్లల ముందు విప్పి చూపించడం గుర్తొస్తుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, చెప్పడం మొదలుపెడతాను.