పళ్ళ మధ్య వైరు

పాత వీడియో గేములు బాగుచేసే ఆ కొట్టుకి వీధిలోంచి రెండు మెట్లు దిగి వెళ్ళాలి. అందులో కూర్చునే మనిషిని అందరూ క్యాసెట్ల మామయ్య అంటారు. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారి మీద అలిగి బడి మానేశాడు గానీ, లేకపోతే ఈపాటికి చంద్రుడి మీద ఆయనకో బ్రాంచి ఉండేది. ఈ మాట ఆయనే చెప్పాడు. వరదలో మూడు రోజులు నానిన క్యాసెట్‌ని ఒక్కసారి గుడ్లురిమి చూసి ఆడించానని కూడా చెప్పాడు. అప్పుడు పక్కన ఎవరున్నారని అడిగితే మాత్రం స్క్రూడ్రైవర్ వెతుక్కుంటాడు.

పక్కన ఒకప్పుడు అక్క ఉండేది. పెళ్ళీ పెటాకులూ లేని తమ్ముడికి వండిపెట్టి, గిన్నెలు కడిగేసి, కొట్టు వెనక గదిలో టీవీ ముందు చేరేది. ఆమెకి ఒకటే ఆట. ఊళ్ళన్నీ తిరిగి మంత్రగాణ్ణి వెతికి పట్టుకోవాలి. నెలల తరబడి సాగే ఆట కనక, ఎక్కడ ఆపారో క్యాసెట్ లోపలి బిళ్ళ బ్యాటరీ గుర్తుపెట్టుకుంటుంది. అక్క పోయి మూడేళ్ళయినా తెరమీద ఆమె పేరూ, పక్కన ఆడిన అరవై రెండు గంటలూ చెక్కుచెదరలేదు. మామయ్య రోజూ కొట్టు తెరవగానే ఆ పేరు చూసుకుని ఆపేసేవాడు. ఆట లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. పెడితే అక్క నిలబడ్డ చోటు మారిపోతుందని భయం.

ఓ రోజు మీటరు పెట్టి చూస్తే బిళ్ళ కొనఊపిరితో ఉంది. అలాగే వదిలేస్తే పేరు పోతుంది. తీసేసినా పోతుంది. దారి ఒక్కటే. కొత్త బిళ్ళ అతికేదాకా మరో బిళ్ళ వైర్లు సర్క్యూట్‌కి ఆనించి పట్టుకోవాలి. అందుకు మూడో చెయ్యి కావాలి. ఎదురింటి జిరాక్సు షాపాయన్ని పిలిస్తే వచ్చేవాడే. కానీ చెయ్యి అరువడిగేవాడు మెకానిక్కే కాదని ఇరవయ్యేళ్ళుగా అందరి ముందూ కోసిన కోతలు గొంతుకి అడ్డం పడ్డాయి. ఒక వైరు క్లిప్పుకి తగిలించి, రెండోది పళ్ళ మధ్య బిగించి, మొహం బల్లమీదకి వంచాడు. ఊరివాళ్ళ క్యాసెట్లు ఎన్నింటికో అలాగే ప్రాణం పోశాడు మరి.

పాత బిళ్ళ ఊడింది. కొత్తది అందుకోబోతుంటే, పోయిన వారం గేమ్ బాక్సు బాగుచేయించుకున్న నర్సు మెట్లు దిగింది.

"మామయ్యగారూ, బాక్సు భేషుగ్గా ఆడుతోంది. డ్యూటీ దిగొచ్చాక ఒక్కదాన్నే ఆడుకోడానికి మంచి పాత ఆటలు చెప్పండి. కారు రేసు తీసుకోనా?"

"ఊహూఁ."

"ట్యాంకులది?"

"ఊఁ."

"ఇటుకలు పేర్చేది?"

"ఊఁ."

"ఏంటండీ, నోట్లో నీళ్ళు పోసుకున్నారా? జిరాక్సాయన్ని అడిగితే ఫుట్‌బాల్‌ని మించిన ఆట లేదన్నాడు."

"ఫుట్‌బాలా? వాడి మొహం, వాడికేం తెలుసమ్మా? దానికి రెండో మనిషి..."

వైరు బల్లమీద పడింది.

మామయ్య క్లిప్పుకున్న వైరు కూడా ఊడదీశాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. ఇటుకలది తీసుకోమ్మా. ఒంటరిగా ఉన్నప్పుడు అదే మేలు. ఇంకో ఆలోచన రానివ్వదు."

"మీరూ అదే ఆడతారా?"

"నేను బాగుచేస్తానంతే."

ఆమె వెళ్ళాక కొత్త బిళ్ళ నున్నగా అతికాడు. క్యాసెట్ పెట్టి చూశాడు. పేర్లుండే మూడు వరసలూ ఖాళీ. చాలాసేపటికి కొత్త ఆట మొదలుపెట్టాడు. లోపలి చిప్పులన్నీ పేరుపేరునా తెలిసిన మనిషికి, మొదటి ఊళ్ళోంచి బయటపడే దారి తెలియదు. అదంతా ఎప్పుడూ అక్కే చూసుకునేది. ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి అందర్నీ పలకరించాడు. ఆ ఊళ్ళో ఒక్కొక్కరికీ ఒక్కటే మాట వచ్చు. బావి దగ్గరి ముసలాయన, "ఉత్తరాన అడవి ఉంది, జాగ్రత్త" అన్నాడు.

"మా అక్క అటే వెళ్ళిందా?" అని అడిగి, మామయ్య మళ్ళీ బటన్ నొక్కాడు.

ఉత్తరాన అడవి ఉంది, జాగ్రత్త.