చాచా ల్యాప్‌టాప్‌కు నేను పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో కంప్యూటర్ గురించి నాకు తెలియనిదంటూ లేదు. ఆరు నెలల కోర్సు పూర్తిచేసి, కర్నూలులో అన్న రిపేరు షాపులో చేరి సరిగ్గా మూడు వారాలైంది. (అన్నంటే సొంత అన్న కాదు, ఓనరు.) పక్క వీధిలో ప్రెస్సు నడిపే చాచా, దుమ్ము తుడవమని తన పాతకాలపు ల్యాప్‌టాప్ ఇచ్చిపోయాడు. బరువులో ఇటుకే. ఆయన పెళ్లికార్డులు కూర్చే సాఫ్ట్‌వేరు మరే మిషన్‌లోనూ పనిచేయదు. దాని మూత తీసి, లోపలి ముక్కలు పీకి దుమ్ము తుడుస్తుండగానే ఆయుధ పూజ వచ్చింది. స్టెప్లరు మొదలు స్క్రూడ్రైవర్ల దాకా బొట్లు పెట్టింది నేనే. భక్తి ఎక్కువై, మూత తీసి ఉన్నవాటికి లోపల కూడా పెట్టి, అన్నీ మళ్లీ బిగించాను.

నాలుగు రోజులకు చాచా వచ్చి స్విచ్చి నొక్కితే, తెర వెలగలేదు, కుయ్ కుయ్‌మని కూత. "ఏమప్పా, ఇట్ల కూస్తాండాది? శుక్రవారానికి కార్డులు పంచాల. మా బిడ్డ నిఖా కార్డు దీంట్లోనే ఉండాది!" అన్నాడు చాచా.

నాకు మాత్రం ఒళ్లంతా హుషారు! నా మొదటి సొంత కేసు! లోపలున్న రెండు ర్యామ్ (మెమరీ) ముక్కలూ పీకి, ఒక్కొక్కటే పెట్టి చూశాను. మొదటిదానితో తెర వెలిగింది, రెండోదానితో కూత. స్లాటు మార్చినా అదే కూత. అంటే తప్పు స్లాటుది కాదు, ముక్కదే! నా తెలివికి నాకే ముచ్చటేసింది. పైగా ఆ ముక్కకు స్లాటులో దిగే బంగారు పళ్ల మీద నల్లెర్రటి మచ్చ. "ఇదో చూడు చాచా, ఈడ కాలిపోయింది" అని డాక్టరులా తేల్చేశాను. ఒక్క ముక్కతో ఆయన సాఫ్ట్‌వేరు తెరుచుకోదు. అలాంటి ముక్క కోసం ఊళ్లోని షాపులన్నీ తిరిగొచ్చాను, ఎక్కడా లేదు. చాచా స్టూలు మీద కూలబడ్డాడు.

అప్పుడే టీ తాగి వచ్చిన అన్న, ఆ ముక్క తీసుకుని పెన్సిలు రబ్బరుతో రుద్దాడు. మచ్చ పోయింది. రబ్బరు ఎర్రబడింది.

"రేయ్, ఇది కాలింది కాదురా. కుంకుమ! లోపల బొట్టు పెట్టినోడు ఎవడు?"

నేను నేలచూపులు చూశాను. చాచా నన్నూ రబ్బరునూ మార్చి మార్చి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా మిషన్‌ను కూడా వదల్లేదా అప్పా! శానా మంచిది. ఈసారి మూత మింద పెట్టు." ముక్క తిరిగి పెడితే తెర వెలిగింది, కార్డు తెరుచుకుంది. నేను సంతోషంతో కేక పెట్టాను. శుక్రవారం మొదటి కార్డు నాకే అందింది.

ఇప్పుడు నాదే ఒక షాపు. ఏ ముక్కనైనా ముందు రబ్బరుతో తుడిచి, ఆ తర్వాతే నోరు విప్పుతాను. ఆయుధ పూజకు చాచా ఇప్పటికీ ఆ ఇటుకను మోసుకొచ్చి, మూత మీద ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తాడు. బొట్టు పెడుతూ, అంత ధైర్యంగా "కాలిపోయింది" అన్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే సిగ్గేస్తుంది, కాస్త అసూయ కూడా.